మా వీధికి సరిపోయే బండి

మా అమ్మాయిని ఏడో నెలలో సీమంతం చేసి పురిటికి తీసుకొచ్చుకున్నాం. తొమ్మిదో నెల పడ్డాక ఓ మధ్యాహ్నం భోజనాలయ్యి, నేను చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చుంటే, ఫోను నా ముందు పెట్టి "అమ్మా, ఈ మూడింట్లో ఏది బాగుందో చెప్పు" అంది. చీరలేమో అనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుని చూస్తే పసిపిల్లల్ని పడుకోబెట్టి తోసుకుంటూ తిరిగే బండ్లు. ప్రామ్‌లు.

"ఏదీ బాగాలేదు" అన్నాను, మళ్లీ చిక్కుడుకాయల్లో తల దూర్చి.

అది ఫోను తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట మళ్లీ నాతో మాట్లాడలేదు. నేను అంత కటువుగా ఎందుకన్నానో నాకు తెలుసు. దానికీ తెలుసు. కాకపోతే ఇరవై నాలుగేళ్లుగా మా ఇద్దరి మధ్యా ఆ మాట పైకి రాలేదు.

2001లో మేం ఇస్నాపూర్‌లో ఒక పోర్షన్‌లో అద్దెకు ఉండేవాళ్లం. మా ఆయనకి పాశమైలారంలో అప్పుడప్పుడే ఫిట్టర్‌గా ఉద్యోగం పర్మినెంటయింది. పిల్లకి ఎనిమిదో నెల. పక్కింటి వాళ్ల పిల్లవాడు వాకరులో ఇల్లంతా తిరుగుతుంటే ముచ్చటేసి, సంగారెడ్డి వెళ్లినప్పుడు నేనూ ఒకటి కొనుక్కొచ్చాను. ఎర్ర రంగుది, ముందు గిలక్కాయలు ఉండేవి. మా ఇంటికి గడప దాటితే మూడు మెట్లు. ఓ రోజు పప్పులో పోపు పెడుతున్నాను. ఆవాలు చిటపటమంటున్న చప్పుడులో చక్రాల చప్పుడు వినపడలేదు. దబ్బుమన్న శబ్దం మాత్రం విన్నాను. పరుగెత్తి వెళ్లేసరికి వాకరు మెట్ల కింద తలకిందులై ఉంది. ఎడమ కనుబొమ మీద మూడు కుట్లు పడ్డాయి. మా అత్తమ్మ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో. ఆ మచ్చ పిల్లకి ఇప్పటికీ ఉంది. జడ వేసినప్పుడల్లా చూశాను, పెళ్లిలో బొట్టు పెడుతున్నప్పుడూ చూశాను.

కాబట్టి చక్రాలున్న దేన్నీ పసిపిల్లల దగ్గరికి రానివ్వకూడదని నా మనసులో ఎప్పుడో పడిపోయింది.

ఈ సంగతి సంగారెడ్డిలో ఉన్న మా అమ్మకి ఫోనులో చెబితే ఆవిడ నాకన్నా రెండాకులు ఎక్కువే చదివింది. "ఏందే గది? ఇంట్ల ఎత్తుకోనీకి మనుషులే లేరా? పసిగుడ్డును బండిల ఏసి కూరగాయలు అమ్మినట్టు వీధుల పొంట తిప్పుతరా?" అంది. నాకు కాస్త ధైర్యం వచ్చింది. అప్పుడెప్పుడో చదివిన బీఏ తెలుగు కూడా తోడొచ్చింది. పసిపిల్లని పెట్టుకునే చోటుకి మనకెన్ని మాటలున్నాయో చూడండి: ఒడి, చంక, భుజం, రొమ్ము, తొట్టెల, ఉయ్యాల. బయట తోసుకుంటూ తిరిగే బండికి మాత్రం మాటే లేదు. మాటే లేని వస్తువు మనకెందుకు అని మా అమ్మాయితో వాదించాను కూడా.

"కుక్కర్‌కి కూడా లేదమ్మా" అంది అది.

రెండు రోజుల తర్వాత అదే వచ్చి నా పక్కన కూర్చుంది. "నీ భయం వాకరు మీద. ఇది వాకరు కాదు. వాకరులో పిల్లే బండిని నడుపుతుంది, మనం ఎక్కడో ఉంటాం. దీన్ని మనం పట్టుకుని నడుపుతాం. వాకర్లు ప్రమాదమని కెనడాలో 2004లో అమ్మకమే నిషేధించారు. నువ్వు కొన్నది 2001లో. నీకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు" అంది. తర్వాత మెల్లగా, "ఈసారి చూసి కొందాం. నువ్వు కూడా రా. నువ్వు సరేనన్నదే కొందాం" అంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు నాదని అది ఎప్పుడూ అనుకోలేదని అప్పుడు గానీ నాకు తెలియలేదు.

మా వైపు కాన్పు కాకముందు పిల్లకి వస్తువులు కొనరు. అందుకని చూసి వద్దాం, కొనేది తర్వాత అని ఒప్పందం చేసుకుని ఓ ఆదివారం చందానగర్ వైపు బయల్దేరాం. దారిలో మా ఆయన కిరాణా కొట్టు దగ్గర ఆగి మూడు కిలోల బియ్యం కట్టించుకుని, దాన్ని తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకున్నారు. ఎందుకండీ అంటే "లోడు లేకుండా ట్రయల్ ఎట్లా తీస్తారు?" అన్నారు. ముప్పై ఏళ్లు మెషీన్ల మధ్య గడిపిన మనిషి మరి. షాపులో కుర్రాడు ముందు నవ్వాడు గానీ, కాసేపటికి ఇంకో జంట వచ్చి "అంకుల్, మీ బియ్యం ఒకసారి ఇస్తారా" అని అడిగి తీసుకున్నారు.

మొదట చూసింది గొడుగులా ముడుచుకునే తేలిక బండి. ధర నాలుగు వేల లోపు. ఒంటి చేత్తో ఎత్తొచ్చు. నాకది నచ్చింది. దీని వెనక ఒక తాత కథ ఉందని మా అమ్మాయి చెప్పింది. ఇంగ్లండులో ఓవెన్ మెక్లారెన్ అనే విమానాల ఇంజనీరు, కూతురు పసిబిడ్డతో వచ్చినప్పుడు ఆ బరువైన బండితో పడే అవస్థ చూసి, 1965లో అల్యూమినియం గొట్టాలతో ఇలా ముడుచుకునే బండి తయారు చేశాడట. మా ఆయన ఆ బండిని మరింత గౌరవంగా తిప్పి చూశారు. కానీ బియ్యం మూటను అందులో వేస్తే మధ్యలోకి జారి కుదేలైంది. అక్కడే నాకు విషయం అర్థమైంది. పుట్టిన పిల్లకి మెడ నిలవదు. ఒంగిన సీటులో కూర్చోబెడితే తల ముందుకు వాలి, గడ్డం రొమ్ముకు ఆనుకుంటుంది. ఆ లేత గొంతులో గాలి ఆడే దారి మూసుకుపోతుంది. ఏడవడానికి కూడా రాదు. ఇలాంటి బండ్లు పిల్ల ఆసరా లేకుండా కూర్చోగలిగాక, అంటే ఆరో నెల తర్వాత. అప్పుడే పుట్టిన పిల్లకైతే వెల్లకిలా, పూర్తిగా చదునుగా పడుకోబెట్టే బండే కావాలి. కొన్ని బండ్ల మీద 'పుట్టినప్పటి నుంచి' అని రాసుంటుంది గానీ, వెనక్కి పూర్తిగా వాల్చినా ఇంకా ఏటవాలుగానే ఉంటుంది. రాత కాదు, వాల్చి చూడాలి.

రెండోది ఇరవై ఆరు వేల బండి. కారు సీటులా మెత్తగా, చక్రాలు సైకిలు చక్రాల్లా. మా అమ్మాయి దాని పిడి పట్టుకుని అటూ ఇటూ తోస్తుంటే దాని మొహంలో వెలుగు చూసి, నా గాజులైనా అమ్మి కొనాలనిపించింది. మా ఆయన జేబులోంచి టేపు తీసి కొలిచి "ఇరవై ఐదు అంగుళాలు" అన్నారు. మా అపార్టుమెంటు లిఫ్టు తలుపు ఇరవై నాలుగు. ఆయన పొద్దున్నే కొలుచుకుని వచ్చారు. మేముండేది నాలుగో అంతస్తు. ఒక్క అంగుళంతో ఇరవై ఆరు వేలు మిగిలాయి.

మూడోది చూడ్డానికి సాదాసీదాగా ఉంది, దగ్గర దగ్గర తొమ్మిది వేలు. పూర్తిగా చదునుగా వాలుతుంది. వెడల్పు ఇరవై రెండు అంగుళాలు. పిల్ల మొహం మనవైపు ఉండేలా పిడిని మార్చుకోవచ్చు. మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని దాని కీళ్లన్నీ చూశారు. తెరిచినప్పుడు ఒక లాకు పడుతుందా, రెండా అన్నది ఆయన మొదటి ప్రశ్న. ఒకటి విఫలమైనా రెండోది పట్టుకోవాలట. వేలు దూరే సందులు ఎక్కడున్నాయన్నది రెండోది. అది చాదస్తమేం కాదు. 2009లో అమెరికాలో ఇలాంటి కీలులో ఇరుక్కుని పన్నెండు మంది పిల్లల వేలి కొనలు తెగాయని తెలిసి, సుమారు 10 లక్షల బండ్లకు కీళ్ల మీద తొడుగులు పంపాల్సి వచ్చింది. ఇక బెల్టు ఐదు చోట్ల పట్టాలి, అంటే రెండు భుజాలు, రెండు తుంట్లు, కాళ్ల మధ్య ఒకటి. బ్రేకు ఒక్కసారి కాలితో నొక్కితే రెండు వెనక చక్రాలూ ఆగాలి. బియ్యం మూటకు బెల్టు పెట్టి, షాపు బయట వాలు మీద బ్రేకు వేసి వదిలేశారు. కదల్లేదు. అట్ట మీద ఈఎన్ 1888 అని యూరోపు వాళ్ల ప్రమాణం నంబరు కూడా ఉంది. మా అమ్మాయి నా వైపు చూసింది. నేను తలూపాను.

ఫిబ్రవరి రెండో వారంలో మనవరాలు పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు, మా బియ్యం మూటకన్నా కొంచెం తక్కువ. ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చాక మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారం నుంచి సాయంత్రమయ్యేసరికి మా అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని ఊరికే కన్నీళ్లు కార్చేది. ఏమైందే అంటే ఏం లేదనేది. అల్లుడు శని, ఆదివారాలు వచ్చి వెళ్లేవాడు. సంగారెడ్డి నుంచి వచ్చిన మా అమ్మ దాని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, కిటికీ కూడా మూసేసేది. "గాలి కొడ్తది బిడ్డా. ఇరవై ఒకటో దినం కాకముందే బాలింత గడప దాటొద్దు." నేనూ అలాగే పెరిగిన దాన్నే కాబట్టి ఏమీ అనలేకపోయాను. కుట్లు చూపించడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మకి చెప్పాను. కాన్పయిన కొత్తలో చాలామందికి అలా ఉంటుంది గానీ, రెండు వారాలు దాటినా తగ్గకపోతే తప్పకుండా తన దగ్గరికి తీసుకురమ్మంది. బరువులు ఎత్తొద్దు కానీ రోజూ కాస్త నడవాలని కూడా చెప్పింది.

నడవాలంటే పిల్లను ఎవరో ఒకరు పట్టుకోవాలి. పిల్లను వదిలి అది అడుగు కదపదు. పిల్లను ఎత్తుకుని నడిస్తే కుట్లు లాగుతాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆ బండి. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మేం అప్పటిదాకా అది పిల్ల కోసమే అనుకున్నాం. నడవాల్సింది తల్లి అని మాకెవరికీ తట్టలేదు.

ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసి పేరు పెట్టాం. మర్నాడే మా ఆయన వెళ్లి బండి తెచ్చారు. మొదటి నాలుగు రోజులు మా అంతస్తు వరండాలోనే, ఆ చివర నుంచి ఈ చివరకు. మా అమ్మ మూతి ముడుచుకుని చూసింది గానీ గడప దాటినట్టా కాదా అన్నది తేల్చుకోలేక ఊరుకుంది. అయితే తను కుట్టి తెచ్చిన ఆవాల దిండు బండిలో పిల్ల తల కింద పెట్టబోయింది. దిండు పెడితే మళ్లీ తల ముందుకు వంగుతుందని, మెత్తటివేవీ పిల్ల చుట్టూ ఉండకూడదని చెప్పి తీసేశాం. ఆ పూట ఆవిడ అన్నం సరిగా తినలేదు. ఆ దిండు ఇప్పుడు బీరువాలో పిల్ల మొదటి చొక్కా పక్కన భద్రంగా ఉంది.

వరండా సరే, ఆ తర్వాత ఎక్కడ? మా ఇల్లు పటాన్‌చెరులో బొంబాయి రోడ్డుకి కాస్త లోపలికి. ఇప్పుడు దాన్ని 65వ నంబరు జాతీయ రహదారి అంటున్నారు, లారీలు మాత్రం అవే. మూడు షిఫ్టుల కంపెనీ బస్సులు, ట్యాంకర్లు, దుమ్ము. రాత్రిపూట గాలి మళ్లితే ఫ్యాక్టరీల వైపు నుంచి ఘాటు వాసన. ఇక్కడి నక్కవాగు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడిందంటే మీరే అర్థం చేసుకోండి. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ఒక విషయం చెప్పారు. నేలకు రెండు మూడడుగుల ఎత్తులో, అంటే వాహనాల పొగగొట్టాలకు దగ్గరగా పడుకునే పిల్లలకు పక్కన నడిచే పెద్దవాళ్లకన్నా 60 శాతం దాకా ఎక్కువ కాలుష్యం తగలొచ్చని. ఇది చదివాక నేను బండి పక్కన వంగి, పిల్ల మొహం దగ్గర నా మొహం పెట్టి చూశాను. మా గేటు బయట ఆగిన ఆటో పొగ తిన్నగా అక్కడికే వస్తోంది. నిలబడితే నాకది తెలియనే తెలియదు.

అందుకని మెయిన్ రోడ్డు వైపు బండి వెళ్లకూడదని నియమం పెట్టుకున్నాం. పొద్దున ఆరుంపావుకి, షిఫ్టు బస్సుల రద్దీ మొదలుకాకముందు, కాలనీ లోపలి రెండు వీధులు. ఆ వీధుల్లో ఏ మ్యాన్‌హోల్ మూత దగ్గర చిన్న చక్రం ఇరుక్కుంటుందో, ఏ స్పీడ్ బ్రేకరు దగ్గర ముందు చక్రాలు ఎత్తి దాటించాలో మా ఆయన ముందే ఖాళీ బండితో తిరిగి చూసొచ్చారు. వాచ్‌మన్ "సార్, పాప ఏది?" అని కంగారుపడ్డాడట.

మార్చి చివరికి ఎండలు ముదిరాయి. ఓ రోజు తిరిగొచ్చేసరికి ఆలస్యమై పిల్ల మీద ఎండ పడుతోందని నేను నా చున్నీ తీసి బండి మీద కప్పబోయాను. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది. స్వీడన్‌లో 2014లో ఒక పత్రిక వాళ్లు ఇదే చేసి చూశారట. 22 డిగ్రీలున్న బండి మీద పల్చటి గుడ్డ కప్పితే అరగంటలో 34, గంటకు 37 డిగ్రీలయ్యిందట. చల్లటి దేశంలోనే అలా అయితే మన ఎండల సంగతి చెప్పక్కర్లేదు. గుడ్డ నీడ ఇస్తుందనుకుంటాం, అది గాలిని ఆపేస్తుంది. బండి గొడుగు చాలకపోతే ఇంటికి రావడమే. ఆ తర్వాత ఏడు దాటి ఎప్పుడూ బయట లేం.

తప్పు నేనూ ఒకటి చేశాను. ఓ పొద్దున దారిలో తోటకూర, దోసకాయలు, కొబ్బరికాయ కొని, సంచి బరువుగా ఉందని బండి పిడికి తగిలించాను. ఇంటి కింద మా అమ్మాయి పిల్లను ఎత్తుకోగానే బండి వెనక్కి దబ్బున పడింది. ముందు బరువు లేదు కదా మరి. పిల్ల తల్లి చేతుల్లోనే ఉంది. నాకు మాత్రం కాళ్లలో సత్తువ పోయి మెట్ల మీద కూర్చుండిపోయాను. మళ్లీ అదే దబ్బుమన్న శబ్దం.

మా అమ్మాయి పిల్లను ఒక భుజాన వేసుకుని నా పక్కన కూర్చుంది. దోసకాయలు సెల్లార్లోకి దొర్లిపోతున్నాయి. "కింద బుట్ట ఉంది కదమ్మా, రేపటి నుంచి అందులో పెడదాం" అంది. అంతే. మచ్చ గురించి గానీ, మెట్ల గురించి గానీ ఏమీ అనలేదు. నేనే అన్నాను. ఆ రోజు పోపు పెడుతున్నానని, చప్పుడు వినపడలేదని, ఇన్నేళ్లకి దాంతో మొదటిసారి చెప్పాను. అది విని, పిల్ల వీపు నిమురుతూ "నాకేం గుర్తులేదు. నువ్వు ఎత్తుకుని పరుగెత్తావని నాన్న చెప్పాడు, అంతే తెలుసు" అంది.

సాయంత్రం ఏడుపు ఎప్పుడు ఆగిందో సరిగ్గా చెప్పలేను. పొద్దున నడక మొదలైన వారం పది రోజులకి, ఓ సాయంత్రం అది కిటికీ దగ్గర కాకుండా వంటింట్లో నా వెనక నిలబడి ఏం కూర అని అడిగింది. ఆగకపోయుంటే డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్లేవాళ్లం. బండి మందు కాదు. కానీ మందు దాకా వెళ్లే అవసరం మాకు రాలేదు.

ఇప్పుడు ఆదివారాలు కారులో బండి మడిచి పెట్టుకుని బీహెచ్ఈఎల్ టౌన్‌షిప్‌కి వెళ్తున్నాం. చెట్ల కింద రోడ్డు నీడగా ఉంటుంది, లారీలుండవు. మొన్న ఆదివారం మా అమ్మ కూడా వస్తానంది. అక్కడ పది నిమిషాలు మాతో నడిచి, ఇక ఆగలేక "ఏదీ, ఇటియ్యి" అని పిడి అందుకుంది. "నీ కొంగు చక్రంల పడ్తదే అమ్మమ్మా" అని మా అమ్మాయి దాని భాషలోనే అంటే, కొంగు నడుముకు దోపి, వెన్ను నిటారుగా పెట్టి తోసుకుంటూ వెళ్లింది. ఎదురొచ్చిన వాళ్లకి "మా మునిమనవరాలు" అని చెబుతోంది, ఎవరూ అడగకపోయినా.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి బండి కొనాల్సి వస్తే, ఫోనులో ఫొటోలు చూసేముందు ఒక్కసారి కిందికి దిగి మీ లిఫ్టు తలుపు కొలవండి. మీ వీధిలో నాలుగడుగులు నడవండి. అది తోయబోయే పిల్ల ఎలా ఉందో చూడండి. ఆ తర్వాత ఒక బియ్యం మూట పట్టుకుని షాపుకి వెళ్లండి. మాది మూడు కిలోలు. వచ్చాక వండుకున్నాం కూడా, బాగానే ఉన్నాయి.